రూమ్మేట్లతో ఒప్పందం: ఏది మాటతో సరిపెట్టాలి, ఏది కాగితం మీద పెట్టాలి

కాలేజీలో ఒకే రూములో ఉండబోయేవాళ్లు మొదటి రోజుల్లో ఒకరితో ఒకరు చెప్పుకునే మాట దాదాపు ఒకటే: "నాకేం ఇబ్బంది లేదు, ఎలాగైనా సర్దుకుంటాను." మంచి మనసుతో అనే మాటే. కానీ ఇద్దరూ పెరిగిన ఇళ్లు వేరు. ఒకరి ఇంట్లో తిన్న వెంటనే గిన్నె కడిగేస్తారు, ఇంకొకరి ఇంట్లో రాత్రికి అన్నీ కలిపి ఒకేసారి కడుగుతారు. ఒకరికి చదువంటే నిశ్శబ్దం, ఇంకొకరికి పాట పెట్టుకుంటేనే చదువు ఎక్కుతుంది. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు. అయినా రెండో నెల వచ్చేసరికి "నీకు శుభ్రం తెలీదు" అని ఒకరు, "నీకు చాదస్తం" అని ఇంకొకరు అనుకుంటూ ఉంటారు.

కాబట్టి ముందే మాట్లాడుకోవాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు, మాట్లాడుకోవాలి. ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలి, దేనికి ఎంత గట్టి ఒప్పందం కావాలి అన్నదే ఆలోచించాల్సింది. ఏ పద్ధతినైనా నేను కొలిచేది ఒకే కొలతతో: ఇది పెట్టుకుంటే నెలలో ఒకరినొకరు ఎన్నిసార్లు అడగాల్సి వస్తుంది? "చెత్త తీసుకెళ్లవా", "డబ్బులు ఎప్పుడిస్తావు", "కాస్త లైటు ఆర్పవా" అని అడగడం చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ అడిగినవాళ్లకి తాము పెత్తనం చేస్తున్నట్టుంటుంది, అడిగించుకున్నవాళ్లకి చిన్నతనంగా ఉంటుంది. మూడోసారికి అడగడం మానేసి లోపల పెట్టుకోవడం మొదలవుతుంది, గొడవ అక్కడే తయారవుతుంది. అడగాల్సిన అవసరాన్ని తగ్గించేదే మంచి పద్ధతి. ఎంత న్యాయంగా కనిపించినా, రోజూ ఎవరో ఒకరు గుర్తుచేస్తే తప్ప నడవనిది మంచిది కాదు.

నాలుగు దారులు

మొదటిది ఏమీ అనుకోకుండా కలిసి ఉండటం. ఒకే సెమిస్టరుకి, ఇద్దరే ఉన్నప్పుడు, వంట లేని హాస్టల్ గదిలో ఇది నడిచిపోవచ్చు. నియమాలు ఎలాగూ హాస్టలే పెడుతుంది, ఖర్చులు కలవవు. అంతకుమించి ఏది పంచుకుంటున్నా ఈ దారిని సలహాగా చెప్పలేను.

రెండోది నోటిమాట. ఒక సాయంత్రం కూర్చుని అన్నీ మాట్లాడుకుంటారు, ఎవరూ ఏమీ రాయరు. సులభంగా ఉంటుంది, మొహమాటం ఉండదు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ సాయంత్రం ఏం అనుకున్నారో నెల తర్వాత ఇద్దరికీ వేర్వేరుగా గుర్తుంటుంది. "వారానికోసారి స్నేహితులు వస్తే పర్లేదు" అని ఒకరికి గుర్తుంటే, "అప్పుడప్పుడు" అని ఇంకొకరికి గుర్తుంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

మూడోది ఒక పేజీ కాగితం. సంతకాలు, సాక్షులు ఏమీ అక్కర్లేదు. అనుకున్నవి పది పన్నెండు వాక్యాల్లో రాసి, ఫోటో తీసి అందరి ఫోన్లలో ఉంచుకోవడం. కాగితం తీర్పు చెప్పడానికి కాదు, జ్ఞాపకానికి. గొడవ వచ్చినప్పుడు "నువ్వు అలా అనలేదు" అనే వాదన మాయమై, "మనం ఇలా అనుకున్నాం, ఇప్పుడది పనిచేయడం లేదు, ఏం చేద్దాం" అనే మాట మొదలవుతుంది.

నాలుగోది పూర్తి ఒప్పందపత్రం. కొన్ని విశ్వవిద్యాలయాల్లో హాస్టల్ వాళ్లే ఒక ఫారం ఇచ్చి, మొదటి వారాల్లో రూమ్మేట్లు కలిసి నింపి సంతకం చేయమంటారు. తర్వాత తగాదా వస్తే వార్డెన్ ఆ కాగితం పట్టుకునే మాట్లాడతారు. ఫారం ఇస్తే తప్పకుండా నింపండి, కానీ గబగబా టిక్కులు పెట్టేసి ఇవ్వకండి. అందరూ "పర్లేదు" అన్న గడిలోనే టిక్కు పెట్టిన ఫారం ఎవరికీ పనికిరాదు. బయట ఇల్లు అద్దెకి తీసుకుని నలుగురు ఉంటున్నప్పుడు, అద్దె ఒప్పందంలో అందరి పేర్లూ ఉన్నప్పుడు, మీలో మీకు కూడా సంతకాల కాగితం ఉండటం మేలు. కానీ అది డబ్బు విషయాల వరకే. గిన్నెల గురించి సంతకాలు పెట్టించుకుంటే స్నేహం ముందే చల్లబడుతుంది.

నా ఎంపిక మూడోది. అందులో కూడా అన్నీ రాయక్కర్లేదు. డబ్బు, రాత్రి ఉండే అతిథులు, పనుల పంపకం, ఈ మూడూ రాతలో ఉండాలి. మిగతావి మాటతో సరిపోతాయి. ఆ మూడే ఎందుకంటే, అవి తేడా వచ్చినప్పుడు అడగడానికి ఎక్కువ సిగ్గనిపించేవి. సిగ్గనిపించేదాన్ని కాగితం మనకి బదులు అడుగుతుంది.

ఇంకొక సంగతి. నియమాలు ఎవరు రాస్తున్నారన్నది, ఆ నియమం ఏమిటన్నంత ముఖ్యం. అడవుల్నీ చేపల వేటనీ నీటి కాలువల్నీ ఉమ్మడిగా వాడుకునే జనాన్ని ఏళ్ల తరబడి పరిశీలించినందుకు ఎలినోర్ ఆస్ట్రమ్‌కి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఎక్కువకాలం నిలిచిన ఏర్పాట్లలో ఆమెకి కనిపించిన లక్షణాల్లో కొన్ని ఇవి: వాడుకునేవాళ్లే నియమాలు మార్చుకోగలగడం, ఎవరు పాటిస్తున్నారో అందరికీ కనిపించడం, తప్పితే మొదటిసారి చిన్న శిక్షతో మొదలవడం, తగాదా తీర్చుకోడానికి దగ్గర్లో తేలికైన దారి ఉండటం. నలుగురి వంటగదికి కూడా ఇవే వర్తిస్తాయి. ఒక్కరే కూర్చుని పదిహేను నియమాలు టైపు చేసి గ్రూపులో పెడితే, అవి ఎంత సబబైనవైనా మిగతావాళ్లకి అవి ఒకరి ఆజ్ఞలే.

ఇంటి పనులు

గొడవల్లో సగం ఇక్కడివే కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

ముందు ఒక మాట అర్థం చేసుకోవాలి. "ఇక్కడ ఎక్కువ చేసేది నేనే" అని ఇద్దరికీ ఒకేసారి నిజాయితీగా అనిపించవచ్చు. మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రచురించిన పరిశోధనలో దంపతుల్ని ఒక్కొక్కరినీ ఇంటి పనుల్లో తమ వాటా ఎంతో చెప్పమన్నారు. ఇద్దరూ చెప్పిన వాటాలు కలిపితే తరచుగా మొత్తాన్ని మించిపోయాయి. కారణం దురుద్దేశం కాదు. మనం చేసిన పని చేతులకి గుర్తుంటుంది, పక్కవాళ్లు చేసినది చాలావరకు మన కంటపడదు. అందుకే "ఎవరికి తోచినప్పుడు వాళ్లు చేద్దాం" అనే పద్ధతిలో లెక్క ఎప్పటికీ తేలదు.

ఆ పద్ధతికి ఇంకో లోపం ఉంది. మురికి అందరి కళ్లకీ ఒకేసారి కనిపించదు. ఒకరికి సింకులో రెండు గిన్నెలు ఉంటేనే చికాకు, ఇంకొకరికి సింకు నిండాక గానీ కనిపించదు. "మురికిగా ఉంటే కడుగుదాం" అనుకుంటే ముందుగా చికాకుపడేవాళ్లే ప్రతిసారీ కడుగుతారు. రెండోవాళ్లకి సింకు నిండటం చూసే అవకాశమే రాదు. వాళ్లు బద్ధకస్తులు కాకపోయినా బద్ధకస్తుల్లా మిగులుతారు. అందుకని పనికి గుర్తు మురికి కాకూడదు, రోజు కావాలి. "శనివారం బాత్రూం" అంటే శనివారమే, మెరుస్తున్నా సరే.

ఇక పంపకాలు. వారం వారం వంతులు మారడం చూడటానికి అన్నిటికంటే న్యాయంగా ఉంటుంది. గోడకి చార్టు అంటిస్తారు, మొదటి నెల బాగుంటుంది. తర్వాత ఒకరికి పరీక్షలొస్తాయి, ఒకరు ఊరెళ్తారు, వంతు తప్పుతుంది. తప్పిన వంతు తర్వాతవాళ్ల నెత్తిన పడుతుంది, రెండు వారాల మురికి ఒక్కరు కడగాలి. ఈ వారం ఎవరిదో మళ్లీ మళ్లీ అడుగుతూ ఉండాలి. నా కొలత ప్రకారం ఇది బలహీనమైన పద్ధతి.

ఎవరి పని వాళ్లకి స్థిరంగా ఇచ్చేయడం ఇంతకంటే మేలు. ఈ సెమిస్టరంతా బాత్రూం నీది, చెత్తా వరండా నావి, వంటగది గట్టూ స్టవ్వూ ఆమెవి. అడగాల్సిన పని లేదు, ఎవరు చేయలేదో చెప్పాల్సిన పని కూడా లేదు, చూస్తే తెలుస్తుంది. చేసేవాళ్లకి ఆ పని చేతికి అలవాటై తొందరగా అయిపోతుంది. పైగా తమ పనిని తమకి వీలైన గంటలో చేసుకోవచ్చు. సెమిస్టరు మారగానే పనులు మార్చుకోవాలి, లేకపోతే బాత్రూం ఒక్కరికే రాసిపెట్టినట్టు అవుతుంది.

మూడోది, వారంలో ఒక గంట అందరూ కలిసి ఊడ్చి తుడిచేయడం. ముగ్గురు, నలుగురు ఉన్న ఇంట్లో ఇది చాలా బాగుంటుంది, ఎవరు ఎంత చేశారో అందరూ చూస్తారు. కానీ అందరికీ కుదిరే గంట దొరకాలి. పార్ట్‌టైమ్ ఉద్యోగాలు చేసేవాళ్లుంటే దొరకదు. నాలుగోది, డబ్బిచ్చి పని చేయించుకోవడం. స్తోమత అందరికీ సమానంగా ఉంటేనే ఆ మాట ఎత్తండి. ఒకరికి అది భారమైతే వాళ్లు బయటికి చెప్పలేక ఒప్పుకుంటారు.

మీరు వాడిన గిన్నె, మీ జుట్టు, మీ కాఫీ మరక, వీటిని ఏ చార్టులోనూ వేయకండి. ఎవరి వాడకం గుర్తులు వాళ్లే తీసేయాలి. ఉమ్మడి పనుల్నే పంచుకోవాలి. ఈ గీత గీయకపోతే, వంటగది పని తీసుకున్నవాళ్లు అందరి గిన్నెలూ కడిగేవాళ్లుగా మారిపోతారు.

పని పేరు రాయడం సరిపోదు, పూర్తయిందంటే ఏమిటో కూడా రాయాలి. "బాత్రూం కడగడం" అంటే ఒకరికి నేల మీద నీళ్లు కొట్టడం. ఇంకొకరికి నేల, కమోడ్, వాష్‌బేసిన్, అద్దం మీది మచ్చలు, నీళ్లు పోయే జాలీలో చుట్టుకున్న జుట్టు తీసి చెత్తబుట్టలో వేయడం, ఆ బుట్ట ఖాళీ చేయడం కూడా. ఆ జాలీ ఒక్కటి చాలు రెండు నెలలు మనసు పాడుచేయడానికి. కాబట్టి మొదటిసారి ఆ పనిని అందరూ కలిసి ఒకసారి చేయండి. ఎంతవరకు చేస్తే అయినట్టో అప్పుడే తేలిపోతుంది.

డబ్బు

అద్దెని తలసరి సమానంగా పంచడం అలవాటు. గదులన్నీ ఒకేలా ఉంటే అదే సరైనది కూడా. ఒక గదికి గాలీ వెలుతురూ బాత్రూమూ ఉండి, ఇంకొకటి ఇరుకైతే సమానం న్యాయం కాదు. ఇద్దరికి తేలిక పద్ధతి ఉంది: ఒకరు అద్దెని రెండు గదులకీ ఎలా విడదీయాలో చెప్పాలి, ఏ గది కావాలో రెండోవాళ్లు ఎంచుకోవాలి. విడదీసేవాళ్లకి ఏ గది వచ్చినా ఫర్వాలేదనిపించేలాగే విడదీస్తారు. ముగ్గురు నలుగురు ఉన్నా, ఎవరికీ పక్కవాళ్ల గది మీద అసూయ లేకుండా అద్దెని పంచే దారి మామూలు పరిస్థితుల్లో తప్పకుండా ఉంటుందని గణిత శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ సూ 1999లో నిరూపించారు. మీకు గణితం అక్కర్లేదు. చిన్న గదికి అద్దె కాస్త తగ్గిస్తూ, పెద్దదానికి పెంచుతూ పోతే, ఎక్కడో ఒకచోట "సరే, ఇంతకైతే నేను ఇది తీసుకుంటా" అని అందరూ అంటారు. అక్కడ ఆగండి, రాసుకోండి.

అద్దె ఒప్పందంలో సంతకం పెట్టేముందు ఒక విషయం చదివి తెలుసుకోవాలి. అందరూ ఉమ్మడిగా సంతకం చేస్తే, చాలా దేశాల్లో ఒకరు కట్టని వాటాని మిగతావాళ్ల దగ్గర వసూలు చేసుకునే హక్కు యజమానికి ఉంటుంది. ఎవరి గదికి వాళ్లు విడి ఒప్పందం చేసుకునే వీలుంటే, అంతగా పరిచయం లేనివాళ్లతో ఉండబోతున్నప్పుడు అదే ఎంచుకోండి. ఉమ్మడి ఒప్పందం తప్పకపోతే, మధ్యలో వెళ్లిపోయేవాళ్లు ఎన్ని రోజుల ముందు చెప్పాలో, బదులు మనిషిని ఎవరు వెతకాలో మీ కాగితంలో మొదటి వాక్యంగా రాయండి.

నెలవారీ ఖర్చులకి మూడు పద్ధతులున్నాయి. అందరూ నెల మొదట్లో కొంత వేసి ఉమ్మడి డబ్బాలోంచి ఖర్చుపెట్టడం, ఎవరు కొన్నది వాళ్లు యాప్‌లో రాసి నెలాఖరుకి తేల్చుకోవడం, ఎవరివి వాళ్లే కొనుక్కోవడం.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన సామెత. డబ్బాకి ఒక బాధ్యుడు లేకపోతే అంతే. బాధ్యత ఒకరిదైతే మాత్రం డబ్బా చాలా పనికొస్తుంది, కానీ కొలవలేని వాటి వరకే: సబ్బు, చెత్త సంచులు, బల్బులు, నూనె, ఉప్పు, తుడుపు గుడ్డలు. వీటిని ఎవరెంత వాడారో లెక్క చూడటం మనిషిని చిన్నబుచ్చుతుంది. ఖాళీ అయినప్పుడు అందరూ మళ్లీ సమానంగా వేస్తే సరి.

స్ప్లిట్‌వైజ్ లాంటి యాప్‌లో గొప్పదనం లెక్క సరిగ్గా రావడమే కాదు, గుర్తుచేసేది మనిషి కాకపోవడం. "నాకింత రావాలి" అని నోరు తెరిచి అడగలేనివాళ్లకి అది నిజమైన సాయం. కరెంటు, ఇంటర్నెట్, గ్యాస్ లాంటి బిల్లులకి ఇదే వాడండి. కానీ ప్రతి చిన్న కొనుగోలునీ అందులో ఎక్కిస్తే ఇల్లు దుకాణమైపోతుంది. ఫలానా మొత్తం కంటే తక్కువైనది ఎక్కించకూడదని మీకు మీరే ఒక గీత పెట్టుకోండి. బిల్లు గడువుకి మూడు రోజుల ముందే అందరి వాటా అందాలని రాసుకోండి. బిల్లు ఎవరి పేరున ఉందో వాళ్ల డబ్బుతో మిగతావాళ్లు ప్రతినెలా అప్పు తీసుకున్నట్టు కాకూడదు.

ఎవరివి వాళ్లే అనేది తిండి విషయంలో మంచిది, అందరూ ఒకేరకంగా తినకపోతే మరీ మంచిది. కలిసి వండుకుంటే ఖర్చు తగ్గుతుంది, కబుర్లూ సాగుతాయి. కానీ వండేదెవరు, కడిగేదెవరు, ఈ పూట తిననివాళ్లు ఎప్పటిలోగా చెప్పాలి అన్న మూడు ప్రశ్నలకి జవాబు లేకుండా దిగకండి. సందేహంగా ఉంటే వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టి, నడిస్తే పెంచుకోండి.

కెటిల్, మైక్రోవేవ్, టేబుల్ ఫ్యాన్ లాంటి ఎక్కువకాలం ఉండే వస్తువుల్ని వాటాలేసి కొనకండి. వెళ్లేటప్పుడు కెటిల్‌ని ముగ్గురికి పంచలేరు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి కొని అందరూ వాడుకుంటే, ఏ వస్తువు ఎవరిదో చివరిదాకా తెలుస్తుంది.

దిగిన మొదటి రోజే గోడలు, తలుపులు, కుళాయిలు, ఉన్న పగుళ్లు, మరకలు ఫోటోలు తీసి యజమానికి పంపించండి. అడ్వాన్సు తిరిగి ఇచ్చేటప్పుడు కోత ఎవరివల్ల పడిందన్న వాదన ఆ ఫోటోలతో చాలావరకు తీరిపోతుంది.

ఫ్రిజ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. తలా ఒక అర, తలుపు అరలు ఉమ్మడి. లోపల 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు తక్కువ ఉండాలి. వండి మిగిలినది మూడు నాలుగు రోజులకి మించి ఉంచకూడదు. డబ్బా మీద తేదీ రాసి అంటిస్తే, పారేసేవాళ్లకి ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.

నిద్ర, చదువు

రాత్రి రెండింటిదాకా మేలుకునే రూమ్మేట్ క్రమశిక్షణ లేని మనిషని అనుకోకండి. టీనేజీలో నిద్రపట్టే వేళ ఏటా వెనక్కి జరుగుతుంది, దాదాపు 20 ఏళ్ల వయసులో అన్నిటికంటే ఆలస్యంగా ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ ముందుకి రావడం మొదలవుతుంది. టిల్ రోనెబర్గ్ బృందం 2004లో ఈ సంగతి ప్రచురించింది. అంటే కాలేజీ రూములో ఉన్నవాళ్లందరూ శరీరం ఆలస్యంగా పడుకోమనే వయసులోనే ఉంటారు, వాళ్లలో కొందరు మాత్రం సహజంగా తెల్లవారే లేస్తారు. వీళ్లని ఒకే వేళకి పడుకోబెట్టే నియమం నిలబడదు. ఎవరి వేళని వాళ్లకి వదిలేసి, పక్కవాళ్లకి ఏం తగలకూడదో అది మాత్రం తేల్చుకోవాలి.

రెండు దారులు కనిపిస్తాయి. నిశ్శబ్ద వేళలు పెట్టుకోవడం ఒకటి, హెడ్‌ఫోన్లూ టేబుల్ లైటూ కళ్లకి కట్టుకునే మాస్కూ లాంటివి కొనుక్కుని ఎవరి జాగ్రత్త వాళ్లు చూసుకోవడం ఇంకొకటి. ఒకే గదిలో ఇద్దరు పడుకుంటుంటే రెండూ కావాలి, కానీ బరువు వేళల మీదే ఉండాలి. పెద్దవాళ్లకి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. పడకగదిలో రాత్రి శబ్దం 30 డెసిబెల్స్ దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అది గుసగుస మాటలంత. ఫోన్‌లో మామూలు గొంతుతో మాట్లాడితే దానికి చాలా పైన ఉంటుంది. కాబట్టి మొదటి నియమం ఫోన్ గురించే కావాలి: ఫలానా గంట తర్వాత కాల్ వస్తే గది బయట మాట్లాడాలి. దాని తర్వాత అలారం. ఒకసారి మోగాలి, లేవాలి. అయిదు నిమిషాలకోసారి మోగే అలారం నిద్రపోవాలనుకునేవాళ్లనే ముందు లేపుతుంది.

పెద్ద లైటుకి ఒక గంట, టేబుల్ లైటుకి పరిమితి లేదు, ఈ ఒక్క ఏర్పాటుతో చాలామందికి సరిపోతుంది. పరీక్షల వారానికి వేరే వేళలుంటాయని ముందే ఒక మాట అనుకోండి.

చదువు దగ్గర ఒక పరిశోధన చెప్పుకోదగ్గది. అమెరికాలోని బెరియా కాలేజీలో రూమ్మేట్లని లాటరీలా కేటాయించిన విద్యార్థుల్ని రాల్ఫ్, టాడ్ స్టైన్‌బ్రిక్నర్ పరిశీలించి 2008లో ప్రచురించారు. రూమ్మేట్ వీడియోగేమ్ పరికరం తెచ్చుకున్న విద్యార్థులు తక్కువ చదివారు, మార్కులూ తగ్గాయి. పక్కవాళ్ల వ్యాపకం మన చదువుని ఇంతగా కదిలిస్తుంది. గేమ్స్ ఆడొద్దని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆట, సినిమా, కబుర్లు ఒక గంట దాటాక ఉమ్మడి హాల్లోకి మారాలన్నది తేల్చుకుంటే చాలు. హాలు లేని గది అయితే వారంలో ఏ రాత్రులు ఆటకి, ఏ రాత్రులు చదువుకి అన్నది మాట్లాడుకోండి.

ఎవరైనా వస్తే

ఇక్కడ మెత్తగా చెప్పను. ఎవరైనా రాత్రి ఉండిపోవడం గురించి కచ్చితంగా, అంకెలతో, రాతలో ఉండాలి. పగలు వచ్చి వెళ్లేవాళ్లకి ఒక మెసేజ్ పెడితే చాలు, అనుమతి అడగక్కర్లేదు. మీరంతా ఒకే గదిలో ఉంటుంటే, రాత్రి ఉండేవాళ్లకి ముందురోజే అడగాలి. ఎవరైనా వద్దంటే వద్దంతే, కారణం చెప్పాల్సిన పని లేదు. నెలకి ఎన్ని రాత్రులన్నది మీ ఇష్టం, కానీ అంకె ఉండాలి. రూమ్మేట్ లేనప్పుడు అతిథిని ఒంటరిగా వదిలి వెళ్లకూడదు, తాళంచెవి ఇవ్వకూడదు.

అనుమతి అడిగే పద్ధతా, సమాచారం ఇచ్చే పద్ధతా అని చాలామంది వాదించుకుంటారు. నా లెక్కలో తేడా గోడల్లో ఉంది. వేర్వేరు పడకగదులున్న ఇంట్లో సమాచారం చాలు. ఒకే గదిలో రెండు మంచాలుంటే అనుమతే కావాలి, ఎందుకంటే ఆ రాత్రి మీ రూమ్మేట్ బట్టలు మార్చుకోడానికి కూడా చోటు ఉండదు.

స్నేహితులతోనా, కొత్తవాళ్లతోనా

ఎంచుకునే అవకాశం ఉన్నవాళ్లకి ఇది పెద్ద ప్రశ్న. స్నేహితులతో ఉంటే మొదటి నెల హాయి. కానీ మొహమాటం రెట్టింపు, డబ్బు అడగడం రెట్టింపు కష్టం, తేడా వస్తే రూమూ స్నేహమూ రెండూ పోతాయి. కొత్తవాళ్లతో నియమాలు మాట్లాడటం తేలిక, పోగొట్టుకునేది తక్కువ. కానీ ఒంట్లో బాగాలేని రాత్రి పక్కన ఉన్నది ఎవరో తెలియని మనిషి. చిన్నప్పటి నుంచీ తెలిసిన స్నేహితుడితో ఉండేకంటే, ఒక సెమిస్టరు కలిసి చదివిన, మాట మీద నిలబడతారని చూసిన పరిచయస్తులతో ఉండటం మేలని నేను గట్టిగా నమ్ముతాను. బాగా దగ్గరి స్నేహితులతోనే ఉండాలనుకుంటే ఉండండి, కాకపోతే కాగితం తప్పించుకోకండి. "మన మధ్య ఇవన్నీ ఎందుకురా" అన్న మాట దగ్గర వెనక్కి తగ్గకండి.

ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి

చేరకముందు ఫోన్‌లో మాట్లాడుకుంటే డబ్బు, అద్దె, గదుల సంగతి తేలుతుంది, అంతకుమించి తేలదు. చేరిన రోజు అందరూ అలసిపోయి ఉంటారు. మొదటి వారం చివర్లో, రెండు మూడు చిన్న చికాకులు కనిపించాక, అవి కోపంగా మారకముందు కూర్చోవడం అన్నిటికంటే మంచి సమయం. అప్పటికి సింకు, అలారం, తలుపు చప్పుడు, ఏవి ఎవరికి తగులుతున్నాయో తెలిసి ఉంటుంది.

మొదటి మాట మీ గురించే మొదలుపెట్టండి. "నాకు నిద్ర చెడితే మర్నాడు క్లాసులో ఏమీ ఎక్కదు, పదకొండు తర్వాత పెద్ద లైటు ఆర్పేద్దామా? నీకు ఏది ఇబ్బందిగా ఉందో నువ్వూ చెప్పు." ఇలా అడిగితే అవతలివాళ్లు తమది బయటపెడతారు. "నువ్వు రాత్రిళ్లు లైటు వేసే ఉంచుతావు" అని మొదలుపెడితే వాళ్లు తమని కాపాడుకునే పనిలో పడతారు.

గ్రూపు మెసేజ్‌లు సమాచారానికి మాత్రమే వాడండి: బిల్లు వచ్చింది, నీళ్లు రావు, రేపు చెల్లి వస్తోంది. ఫిర్యాదుకి ఎప్పుడూ వాడకండి. నలుగురి ముందు రాసిన ఒక్క వాక్యం మనిషిని నిలబెట్టి అడిగినట్టుంటుంది, గొంతులో ఉండే మెత్తదనం అక్షరాల్లో కనిపించదు. ఫిర్యాదు ఎదురెదురుగా, ఒక్కరితోనే, ఒక్క విషయం గురించే.

కాగితం మీద వాక్యాలు ఎలా ఉండాలో కొన్ని చూపిస్తాను.

"రాత్రి పడుకునే ముందు సింకులో గిన్నె ఉండకూడదు. ఎవరి గిన్నె వాళ్లదే."
"చెత్త మంగళ, శుక్రవారాలు పొద్దున. ఈ సెమిస్టరు బాధ్యత మూడో మంచం వాళ్లది."
"కరెంటు బిల్లు వాటా గడువుకి మూడు రోజుల ముందు. ఆలస్యమైతే జరిమానా ఆలస్యం చేసినవాళ్లదే."
"రాత్రి అతిథి: ముందురోజు అడగాలి, నెలకి ఒక్కొక్కరికి రెండు రాత్రులు."
"ఊరెళ్లేటప్పుడు మన పని ఎవరికి అప్పజెప్పామో గ్రూపులో చెప్పాలి."
"నెల తర్వాత మొదటి ఆదివారం ఇది మళ్లీ చదివి మారుద్దాం."

ఏ వాక్యంలోనూ "శుభ్రంగా", "సమయానికి", "గౌరవంగా" లాంటి మాటలు లేవు చూడండి. అవి ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతాయి. రోజు, గంట, అంకె, పేరు, ఇవి అందరికీ ఒకటే. చివరి వాక్యాన్ని మాత్రం వదలకండి. మార్చే తేదీ ముందే ఉంటే, మార్చమని అడిగేవాళ్లు గొడవ పెట్టుకున్నట్టు ఉండదు.

నడవకపోతే

మొదటిసారి తప్పితే ఊరుకోండి, అందరికీ జరుగుతుంది. రెండోసారి ఒంటరిగా ఉన్నప్పుడు మామూలు గొంతుతో చెప్పండి. మూడోసారికి కాగితం తీసి, "ఈ వాక్యం మనకి పనిచేయడం లేదు, ఏం మారుద్దాం" అనండి. కొన్నిసార్లు నిజంగానే వాక్యమే తప్పు. పొద్దున్నే ల్యాబ్ ఉన్న మనిషికి మంగళవారం పొద్దున చెత్త అప్పజెప్పి ఉంటారు. రోజు మారిస్తే సమస్య పోతుంది.

అప్పటికీ నడవకపోతే హాస్టల్‌లో వార్డెన్, బయట ఇంట్లో అయితే అందరూ నమ్మే ఒక సీనియర్ మధ్యలో కూర్చోవాలి. ఎవరినీ నిందించడానికి కాదు, ఇద్దరి మాటా పూర్తయ్యేదాకా ఆపకుండా వినే మూడో మనిషి ఉండాలని. డబ్బు ఎగవేత, దొంగతనం, బెదిరింపు, ఒంటి మీద చెయ్యి పడటం, మీరు వద్దన్నా మీ మంచం దగ్గరికి మనుషుల్ని తేవడం, వీటికి ఈ మెట్లేవీ వర్తించవు. మూడోసారి కోసం ఆగకండి, ఆరోజే పెద్దవాళ్లకి చెప్పి గది మార్చమనండి.

విడిపోవాల్సి వస్తే చేయాల్సినవి తక్కువే. ముందే రాసుకున్నన్ని రోజుల ముందు చెప్పడం, యాప్‌లో లెక్క సున్నా చేయడం, మీ పేరున ఉన్న బిల్లుల్ని మిగిలేవాళ్ల పేరుకి మార్పించడం, అడ్వాన్సులో మీ వాటా ఎవరు ఎప్పుడు ఇస్తారో రాయించుకోవడం. మొదటి రోజు ఫోటోలు తీసిన చోట్లే మళ్లీ ఫోటోలు తీసి, ఉండిపోయేవాళ్లకీ యజమానికీ ఒకేసారి పంపించి, తాళంచెవి యజమాని చేతికే ఇవ్వండి.